పొయ్యి మీది పచ్చజొన్న కంకులు

గోనెగండ్ల పక్కన ఒక చిన్న పల్లెలో "పచ్చజొన్నోళ్ల గిడ్డయ్య" అంటేనే ఆయన ఎవరో తెలుస్తుంది. ఆ పేరు ఆయన సంపాదించుకున్నది కాదు, భార్య ఉరుకుందమ్మ వల్ల వచ్చింది. ఆలూరు దగ్గరి పుట్టింటినుంచి కాపురానికొస్తూ ఆమె తెచ్చుకున్న విత్తనం అది. ఏటా కోతలప్పుడు చేనంతా తిరిగి, గింజ నిండుగా ఉన్న కంకులు తానే ఏరి, గుత్తులుగా కట్టి, పొయ్యి పైన దూలానికి వేలాడదీసేది. పొగకు పురుగు పట్టదు. పండినదంతా రొట్టెలకు అయిపోయినా ఆ కంకుల జోలికి పోకూడదు. అమ్మకూడదు, వండకూడదు. ఎవరైనా విత్తనానికి అడిగితే మాత్రం ఇవ్వాలి. వాళ్ల పంట వచ్చాక తిరిగి తెచ్చి పోస్తారు. చుట్టుపక్కల పచ్చజొన్న రొట్టె తినే ఇళ్లన్నిటికీ ఆ దూలమే దిక్కు.

గిడ్డయ్యకేమో కోళ్ల పిచ్చి. షెడ్డు వేసి నాటుకోళ్లు పెంచుతున్నాడు. మొక్కజొన్న దాణా ధర కొండెక్కేసరికి, మన మెట్టచేలల్లో తెల్లజొన్న, సజ్జ ఉండగా ఇంకొకరి దాణా ఎందుకని వాటినే ఆడించి పెట్టాడు. ఆలోచన మంచిదే. కోళ్లు బాగానే తిన్నాయి, గుడ్లూ బాగానే పెట్టాయి. చిక్కంతా సొన దగ్గర వచ్చింది. ఎమ్మిగనూరులో గుడ్లు కొనే దేవేంద్రప్ప ఒక గుడ్డు పగలగొట్టి గిన్నెలో చూపించాడు. సొన పాలిపోయి ఉంది.

"ఇవి నాటుగుడ్లంటే ఎవురు నమ్ముతారప్పా? వాపసు తెస్తాండారు. సొన పచ్చగుంటేనే తీసుకురా, ల్యాకుంటే వద్దు."

ఇంటికొచ్చి చెబితే ఉరుకుందమ్మ నవ్వింది. "దినమంతా షెడ్లో ఏసి మూస్తే సొన యాడ పచ్చగైతాది? బయటికి ఇడువు, ఆకూ అలమూ తిననీ." కుక్కలెత్తుకుపోతాయని ఆయన వినలేదు. గిడ్డయ్యకు పెళ్లాం మాట ఎప్పుడూ ఒక పంట ఆలస్యంగా అర్థమవుతుంది.

తర్వాత ఆమె చెల్లెలి కూతురి కాన్పుకని మద్దికెర వెళ్లింది. ఒక పొద్దున టీ కాచుకుంటూ గిడ్డయ్య తలెత్తి చూశాడు. పచ్చటి గింజలు. తిండికి ఉంచుకున్న పచ్చజొన్న అప్పటికే అయిపోయింది, ఇంట్లో మిగిలినవి ఇవే. మొదట ఒక్క గుత్తి దించి కోళ్లకు రాల్చాడు. రోజులు గడిచేకొద్దీ ఒక్కొక్క గుత్తీ దించాడు, సొన రంగు తిరిగింది. దేవేంద్రప్ప భుజం తట్టాడు. ఆ మెప్పుకు ఉబ్బిపోయి మిగిలినవీ దించేశాడు. భయం లేకపోలేదు. కానీ ఇన్నేళ్లుగా ఇన్ని ఊళ్లకు పంచిన విత్తనం, వెళ్లి అడిగితే ఏదో ఒక ఇంట చేటెడు దొరక్కపోతుందా అని ధీమా.

ఉరుకుందమ్మ తిరిగొచ్చి సంచి కింద పెట్టకుండానే పైకి చూసింది. దూలానికి ఉత్త తాళ్లు వేలాడుతున్నాయి.

"కంకులు యాడ?"

చెప్పాడు. తిడుతుందనుకున్నాడు. ఆమె పొయ్యి దగ్గర కూలబడి, ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చింది. "మాయమ్మ సేతి ఇత్తనం" అని ఒకటే మాట.

మర్నాడే గిడ్డయ్య ఆటో ఎక్కాడు. ఆలూరు వైపు లక్ష్మప్ప ఎన్నోసార్లు వాళ్లింట విత్తనం తీసుకుపోయినవాడు. ముందు ఆయన్నే అడిగాడు.

"నిరుడంతా పత్తే ఏసినామప్పా. కావాలంటే మీ ఇంట్లో ఉంటాదిలే అని ఇత్తనం పెట్టుకోల్యా."

తర్వాతి ఊళ్లోనూ అదే మాట. ఉరుకుందమ్మ పుట్టింట్లోనూ అదే: "మా ఉరుకుందమ్మ ఉండాది కదా!" ఆదోనిలో విత్తనాల అంగళ్లకు వెళితే తెల్లజొన్న ప్యాకెట్లు చూపించారు. అందరూ తన ఇంటిమీదే భరోసా పెట్టుకుని కూర్చున్నారని గిడ్డయ్యకు అప్పుడు తెలిసింది.

ఇంకో సంగతి ఆయన్ని ఇంతకంటే ఎక్కువ కోసింది. కంకులు అయిపోయాక, వేరే దారి లేక పెరట్లో మునగాకు దూసి కోళ్లకు వేశాడు. సొన పచ్చగానే వచ్చింది. ఆ మునగచెట్టు ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉంది.

విత్తులేసే ముంగారి వాన మొదలైన పొద్దున ఎదురింటి ఎస్తేరు చేట పట్టుకుని వచ్చింది. "రెండు గుత్తులు ఇయ్యి అక్కా, ఈసారి తూరుపు చేన్లో పచ్చజొన్నే ఏస్తాం" అంది. ఉరుకుందమ్మ తల తిప్పుకుంది. గిడ్డయ్యే చెప్పాల్సి వచ్చింది.

"ల్యావమ్మా. కోళ్లకు పెట్టినా."

"ఎగతాళి సేయాకన్నా" అని నవ్వుతూనే ఎస్తేరు లోపలికి తొంగిచూసింది. దూలం కనబడగానే నవ్వు ఆగిపోయింది. ఏం చేయాలో తోచక గిడ్డయ్య గంపలోంచి నాలుగు గుడ్లు తీసి ఆమె చేటలో పెట్టాడు. ఆమె వాటిని కాసేపు చూసింది.

"ఈటిని చేన్లో ఇత్తమంటావా అన్నా?"

కోపంగా అన్నది కాదు. గుడ్లను జాగ్రత్తగా అరుగుమీద పెట్టి, ఖాళీ చేట నెత్తిమీద పట్టుకుని వానలోనే వెళ్లిపోయింది. షెడ్డులో కోళ్లు మేతకోసం అరుస్తున్నాయి. గిడ్డయ్య లేవలేదు.