మేక బొమ్మ మీద పడిన ముద్ర

ఏళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. మోస్తూనే పాఠాలు చెప్పాను, రిటైరయ్యాను, సన్మానం కూడా చేయించుకున్నాను. శాలువా కప్పుతుంటే సిగ్గేసింది. ఎందుకో ఎవరికీ తెలియదు. మీకు చెబుతాను.

మాది రేణిగుంటకు దగ్గర పల్లె. ఊరి మేత బీడును గోడౌన్లకు లీజుకివ్వాలా వద్దా అని ఊరు రెండుగా చీలింది. కొట్లాట ఎందుకు, చీటీలు వేద్దామన్నారు పెద్దలు. లెక్కించే పని బడి అయ్యవారినని నాకు అప్పగించారు. చదువు రానివాళ్ళ కోసం చీటీ మీద పై గడిలో లారీ, కింది గడిలో మేక గీశాను. ఇద్దామంటే లారీ, వద్దంటే మేక. ముద్ర కూడా నాదే, పిల్లల నోటుబుక్కుల మీద వేసే ‘చూడబడినది’. ప్యాడ్ ఎండిపోయిందని సిరా కాస్త ఎక్కువే పోశాను.

ఇద్దామనేవాళ్ళకు భయం లేదు. చీటీని మడవకుండానే డబ్బాలో పడేశారు. వద్దనేవాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువ. గుమ్మం దగ్గర నిలబడ్డ మగవాళ్ళ కంట పడకూడదని చీటీని సన్నగా మడిచి గుప్పిట్లో దాచుకుని వచ్చారు. ఆ మడతలో తడి సిరా మేక మీద నుంచి లారీ మీదికి అంటుకుంది.

అంటుకున్న ముద్రలో అక్షరాలు తిరగబడి ఉంటాయి. అసలుది చక్కగా చదవవచ్చు. అలాంటి ఓటు చెల్లుతుందని ఎన్నికల డ్యూటీల్లో నేనే పదిమందికి చెప్పినవాణ్ణి. లెక్కపెడుతుంటే వచ్చిన అలాంటి మొదటి చీటీని తర్వాత చూద్దామని పక్కన పెట్టాను. నిజంగా చూద్దామనే పెట్టానా? ఏమో. పక్కన కుప్ప పెరిగింది. వీటిని కలిపితే మేకే గెలుస్తుందని తెలిసిపోయింది. గోడౌన్ వస్తే మా తమ్ముడికి సూపర్‌వైజర్ ఉద్యోగమన్నారు. అది ఒక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదేమో. వీళ్ళకేం తెలుసు, ఊరికి ఏది మంచిదో నాకు తెలుసు అనుకున్నాను చూడండి, ఆ పొగరు ఇప్పటికీ గుచ్చుతుంది.

“రెండు గళ్ళలోనూ ముద్ర ఉంది. ఇవి చెల్లవు” అన్నాను. పక్కన కూర్చున్న పెద్దమనుషులు నా మాటే వేదమనుకుని తలలూపారు.

మేకలు మేపుకుని బతికే మునెమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. కుప్పలో ఒకదాన్ని చూపించింది.

“ఆ మూల చినిగిన చీటీ నాదే అయ్యోరా. నేను ఒగసారే గుద్దినా. మేక మిందనే గుద్దినా.”

“రెండిట్లోనూ పడింది మునెమ్మా. నువ్వే చూడు.”

చాలాసేపు చూసింది. “అవును, పడుండాది. నా సెయ్యే వణికిందేమోలే. సదువుకున్నోళ్ళు, మీరు తప్పు సెప్తారా?”

వెళ్ళిపోయింది. నేను పిలవలేదు.

గోడౌన్లు వచ్చాయి. తమ్ముడికి ఉద్యోగమూ వచ్చింది. మేత లేక మునెమ్మ మేకలను అమ్ముకుని, ఆ గోడౌన్లోనే ఊడ్చే పనికి చేరింది. ఆడోళ్ళకు ముద్ర వేయడం కూడా చేతకాదని ఊళ్ళో చాలాకాలం నవ్వుకున్నారు. నవ్వేవాళ్ళ మధ్య నేనూ కూర్చున్నాను. ఒక్క మాట అనడానికి నాకేం అడ్డం వచ్చింది? పరువా? తమ్ముడా? సాకులు వెతికితే దొరక్కపోవు.

మొన్న ఎన్నికలకు మునెమ్మ ఓటు వేయలేదని మా ఆవిడ చెప్పింది. తనకు గుద్దడం రాదని, వేసినా చెడిపోతుందని అన్నదట. ఇప్పుడు ముద్ర లేదు, మీట నొక్కడమే అని చెప్పినా రాలేదట.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరిచ్చేది కాదు. మునెమ్మ ముందుకు వెళ్ళే ధైర్యం నాకు ఇంకా రాలేదు, వస్తుందని మాటా ఇవ్వలేను. కానీ నోటితో ఒకసారి అనాలని ఉంది. ఆమె ముద్ర సరిగానే వేసింది. ఆమె ఓటు చెల్లుతుంది. చెల్లదని అబద్ధం చెప్పింది నేను.