అన్నకు చెప్పని సగం ఆర్డరు

మార్చి మొదటి వారంలో సరిహద్దు సైనిక పోస్టుకు చేరాను. పదహారు వేల అడుగుల ఎత్తు. మంచు, రాయి, ఒక ఫైబర్ గుడిసె, ఆరుగురం మనుషులం. మధ్యాహ్నం కూడా సున్నాకు పది డిగ్రీలు కింద.

"కదలనివాడు ఇక్కడ బతకడు" అన్నాడు పోస్ట్ కమాండర్. ఒళ్లు ఎత్తుకు అలవాటు పడ్డాక రోజూ ఉదయం ఏడుకు అరగంట కసరత్తు. తర్వాత బూట్లు విప్పాలి. పక్కవాడి పాదాలు మనం, మన పాదాలు వాడు చూడాలి. "మొద్దుబారిన కాలు నొప్పి చెప్పదు. కళ్లతోనే చూడాలి" అనేవాడు మా వైద్య సహాయకుడు, వేళ్ల సందుల్లో టార్చి వేసి. పెళ్లిచూపుల్లో కూడా ఇంతగా చూడరని నవ్వేవాళ్లం.

రెండు వారాల్లో నాకు ఆయాసం తగ్గింది. ఆకలి వేసింది, నిద్ర పట్టింది. కసరత్తంటే పిచ్చి పట్టుకుంది.

ఆదివారం మూడు నిమిషాలు ఫోను. అవతల మా ఊరు ఎల్లారెడ్డిలో మా అన్న. పదేళ్లు గల్ఫ్‌లో క్రేన్ నడిపి, షుగర్ తెచ్చుకున్నాడు. కిరాణా కొట్టులో కూర్చుంటే లేవడు.

"రోజూ గంట నడువు అన్నా. ఒక్క రోజు తప్పినా ఊకోను."

"నడుస్త తీ తమ్మీ. మిలిటరీ ఆర్డరాయె."

నడిచాడు. షుగర్ దిగిందన్నాడు. నేను మురిసిపోయాను. ఏప్రిల్‌లో హనుమాన్ మాల వేసుకున్నానన్నాడు. మంచిదే అన్నాను. మాలలో చెప్పులు వేసుకోరని నాకు తెలియనిదా? తోచలేదు, అంతే.

జూన్‌లో కొండ దిగాను. అన్న ఆసుపత్రిలో ఉన్నాడని వదినె ఫోనులో చెబితే, కామారెడ్డిలో రైలు దిగి నేరుగా అక్కడికే వెళ్లాను. అన్నకు కుడికాలు మోకాలి కింద లేదు.

"ఎండల తారు రోడ్డు మీద నడిచినవా? నొప్పి తెలువలేదా అన్నా?"

"తెలిస్తే ఆగకపోదునా తమ్మీ? షుగర్‌కు పాదాలు మొద్దుబారినయట, బొబ్బలు పగిలింది గూడ ఎరుక లేదు. నువ్వు ఒక్క రోజు తప్పొద్దంటివి."

నడవమన్నాను. పాదాలు చూసుకోమనలేదు. నేను రోజూ చేసిన పనే అది. రెండో పాదం కూడా నల్లబడుతోందని డాక్టరు చెప్పాడు.

మరుసటి ఏడాది ఉద్యోగం వదిలి వచ్చేశాను. మంచు, తుపాకి, చలి, అన్నీ మసకబారాయి. ఆసుపత్రి నుంచి వెళ్లిన ఆ సాయంత్రం అన్న ఇంట్లో చూసింది మాత్రం కళ్ల ముందు నుంచి పోదు. వదినె నాకు గచ్చు చూపించింది.

"పూజల కుంకుమ తొక్కిండనుకున్న. దినాం తడిబట్టతోని తుడిచిన."

తుడవకుండా ఒక్క అడుగు ముద్ర మిగిలింది, దేవుని గది గడప ముందు. ఎర్రగా ఎండిపోయి, ఐదు వేళ్లతో.