మంచు ట్రాక్టరుకు కొబ్బరినూనె

ఎడారి దేశంలో మంచు కింద పడి పరువు పోగొట్టుకున్న తెలుగువాడు మీకెవరైనా తెలుసా? తెలియకపోతే ఇప్పుడు తెలుసుకోండి. ఆ మనిషి మీద నాకు కొన్నేళ్లుగా కోపం. మైనస్ రెండు డిగ్రీల్లో నిలబెట్టినా చల్లారని కోపం. ఆ మనిషి నేనే కాబట్టి మాట్లాడటం మానేసే వీలు కూడా లేదు.

కరోనా కాలంలో మా పత్రిక పేజీలు తగ్గించింది. వాటితోపాటు నన్నూ తగ్గించింది. ఇరవై ఏళ్లు ఇతరుల తప్పులు దిద్దిన అహంకారం తప్ప మరో సామాను లేకుండా అబూధాబి వచ్చి, ఒక మంచు హాలులో యంత్రాల బాగోగులు చూసే ఉద్యోగంలో చేరాను. బయట ఎండ మాడుస్తుంటే, పిల్లలు ఆడుకోవడానికి లోపల మంచు తయారుచేసి పోసే హాలు అది. ఆ మంచును చదును చేయడానికి ఒక ముసలి తోట ట్రాక్టరు ఉండేది. ఏదో చలిదేశంలో ఎవరి పెరట్లోనో ఎండాకాలం గడ్డి కోసి, చలికాలం ముందు రేకు తగిలించుకుని మంచు నెట్టి, అక్కడివాళ్లకు విసుగొచ్చాక మాకు అంటగట్టిన సరుకు. స్టార్ట్ చేస్తే దగ్గేది, దగ్గి ఆగేది, ఆగి పొగ వదిలేది. దాన్ని కొన్నవాడి మీద కూడా నాకు కోపమే.

నడిపేది మల్లేశం, జగిత్యాల వైపు మనిషి. మా ముదీర్, అంటే మేనేజరు, కేరళ ఆయన. ఒకరోజు మా ఇద్దరినీ పిలిచి తేల్చేశాడు.

"గురువారం సుబహ్ ఆఖ్రీ చాన్స్. బీచ్ మే బంద్ హువా తో గాడీ ఖలాస్, మల్లేశం కా వీసా భీ ఖలాస్."

ముసలి బండి మధ్యలో ఆగితే మనిషి వీసా ఎందుకు పోవాలి? ఇదేం న్యాయం? ఇలాంటి ప్రశ్నలతో ప్రభుత్వాలను కడిగేసిన వార్తలకు శీర్షికలు పెట్టినవాణ్ని. "యస్ సర్," అన్నాను.

గురువారం పొద్దున హాలు వెనక ఎండలో మల్లేశం బండి కింద నుంచి తల బయటపెట్టాడు.

"సార్, తీగలు బిగుసుకపోయినయ్. రేసు తీగ, క్లచ్చు తీగ, ఇంజిన్ బందు జేసే తీగ. చలికి వాడే పల్చటి నూనె ఏది?"

"ఆర్డరు పెట్టాలి."

"పోయిన నెల గూడ గదే అన్నరు."

"ఇప్పుడు ఆ చరిత్ర ఎందుకయ్యా?" అని అరిచాను. తప్పు చేసినవాడి గొంతు ఎప్పుడూ ఒక మెట్టు పైనే ఉంటుంది.

నా సంచిలో తలకు రాసుకునే కొబ్బరినూనె సీసా ఉంది. కోతికి కొబ్బరికాయ దొరికితే ఒక్క కోతికే సంబరం. కోతికి కొబ్బరినూనె దొరికితే ఊరంతా జారిపడాల్సిందే.

"ఏ నూనైనా నూనే కదా," అన్నాను.

"అంతేనంటరా సార్?"

"ఇరవై ఏళ్లు సైన్సు పేజీ చూశాను."

అబద్ధం. నేను చూసింది రాశిఫలాలు.

మూడు తీగల్లోకీ ధారాళంగా పోశాను. మల్లేశం లాగి చూశాడు. "వెన్న లెక్క జారుతున్నది సార్. మీరు మెకానిక్ గావాల్సింది."

మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. చలికాలం మన ఇళ్లలో కొబ్బరినూనె ఏమవుతుంది? సీసాలో రాయవుతుంది. చిన్నప్పుడు రోజూ స్నానానికి ముందు దాన్ని ఎండలో పెట్టింది నేనే. మల్లేశమూ పెట్టాడట. ఈ దేశపు ఎండలో నూనెకు గడ్డకట్టే బుద్ధి ఉందన్న సంగతే ఇద్దరం మరిచిపోయాం.

లోపల మొదటి రెండు చుట్లూ హాయిగా సాగాయి. ఆ రోజు యజమాని పిల్లలు వస్తారని ముదీర్ దగ్గరుండి కట్టించిన మంచు గుడిసె ఒక మూల ఉంది. దాని ముందే ఆయన కోటు వేసుకుని నిలబడ్డాడు. మూడో చుట్టులో మల్లేశం కేక వినిపించింది.

"సార్, రేసు తగ్గుతలేదు."

"తగ్గించు."

"తగ్గుతలేదనే అంటున్న."

"క్లచ్చు తొక్కు."

"కాలు విరుగుతది గని అది దిగుతలేదు."

"అయితే ఇంజిన్ ఆపెయ్."

"ఆ తీగకు గూడ మీరే పోసిన్రు గద సార్."

బ్రేకు సంగతి అడగకండి. పది అడుగులకోసారి తనంతట తానే ఆగే బండికి బ్రేకుందో లేదో ఎవరు చూస్తారు? ముసలోడికి దసరా పండగన్నట్టు, ఏనాడూ పరుగెత్తని బండి ఆరోజే పరుగెత్తింది. ముదీర్‌ను తప్పించాలని మల్లేశం చక్రం తిప్పాడు. బండి నేరుగా గుడిసెలోకి దూరి, దాన్ని కూల్చి, దగ్గి ఆగింది. ఆదుకుందామని పరుగెత్తిన నేను జారి పడ్డాను. మిగిలిన సగం గుడిసె నా మీద పడింది.

"మల్లేశం, ఘర్ జావో," అన్నాడు ముదీర్. "ఖలాస్."

మల్లేశం ఒంటిమీద మంచు దులుపుకుంటూ నా వైపు చూశాడు. నిజం చెప్పాల్సింది నేను. నా నోరు ఆ తీగల్లోని నూనెలాగే బిగుసుకుంది. నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం ఆ క్షణం మీదే.

ముదీర్ వంగి, తీగ చివర తెల్లగా పేరుకున్నదాన్ని గోటితో గీకాడు. వేళ్ల మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కేరళ ఆయన ముక్కును మోసం చేయగల కొబ్బరి ఇంకా పుట్టలేదు. మెల్లగా నడుచుకుంటూ వచ్చి, నడుము దాకా మంచులో కూరుకుపోయిన నా మీదికి వంగి తల వాసన చూశాడు.

"సేమ్," అన్నాడు.

అప్పుడు లేచింది నా నోరు. "నేనే పోశాను సర్. అతని తప్పేం లేదు."

"గాడీ ఠీక్. డ్రైవర్ ఠీక్." పార తెచ్చి నా చేతిలో పెట్టాడు. "తుమ్ ఘర్ బనావో."

మల్లేశాన్ని ఇంటికి పొమ్మన్నవాడు నన్ను ఇల్లు కట్టమన్నాడు. కట్టాను. మేస్త్రీ మల్లేశమే. "జర ఒంగుండ్రి సార్, యల్లా, జల్ది," అంటూ యజమాని పిల్లలు వచ్చేదాకా వంచాడు. అతని వీసా రెన్యువల్ అయింది. నా నడుము ఇంకా కాలేదు. ఇప్పటికీ నేను ఏ డబ్బా తెచ్చినా మల్లేశం మూత తీసి వాసన చూసి గానీ బండి దగ్గరికి రానివ్వడు.

కాబట్టి పంచభూతాల సాక్షిగా, గడ్డకట్టిన భూతాన్ని కూడా కలుపుకుని, ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మరే యంత్రానికీ తలంటు పోయను.