బోర్డు మీద అనిల్ బిళ్ళ

ఆ రోజు నేను చేసిన తప్పు ఇది: మనిషి లోపల ఉండగానే అతని బిళ్ళను బోర్డుకు తగిలించాను. ఆ తర్వాత చేసింది తప్పు కాదు, ద్రోహం. దాన్ని ఇన్నేళ్ళూ మోస్తూ తిరిగాను. ఫోన్ మీద అనిల్ పేరు కనబడితే చాలు, ఎత్తాలంటే భయమేసేది. గుర్తొచ్చేసిందా? ఈ రోజు అడిగేస్తాడా?

మాది గోదావరిఖని. కాలేజీలో ఉన్నప్పుడు కొందరం కలిసి ఒక థ్రిల్లర్ సినిమా తీశాం. బట్టలు, సామాన్లు, భద్రత నా బాధ్యత. కథలో ఒకణ్ణి ఎత్తుకుపోయి చీకటి గదిలో కుర్చీకి కట్టేస్తారు. ఆ వేషం అనిల్‌ది. కార్మికులు ఖాళీ చేసిపోయిన ఒక క్వార్టర్ దొరికింది. లోపలి గది కిటికీకి గోనెపట్టాలు కట్టాను. పొగ కోసం రేకుడబ్బాలో బొగ్గు రాజేశాను. మూసిన గదిలో బొగ్గు రాజేస్తే ఏమవుతుందో ఇక్కడ పుట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే షాట్ కాగానే డబ్బా బయట పెట్టాలని నియమం పెట్టాను. పెట్టింది నేనే.

బిళ్ళల ఆలోచన కూడా నాదే. బొగ్గుబాయిలోకి దిగే మనిషి బిళ్ళ వెంట తీసుకుపోతాడు, పైకొచ్చాక తిరిగి ఇస్తాడు. బిళ్ళ రాలేదంటే మనిషి లోపలే ఉన్నట్టు, వెతకాలి. అట్టముక్కల మీద అందరి పేర్లూ రాసి, వరండాలో చెక్కకు మేకులు కొట్టి తగిలించాను. మా డైరెక్టర్ రవి నవ్వాడు. "సినిమా తీస్తున్నమా, ఫస్ట్ షిఫ్టు దిగుతున్నమా రా?" అన్నాడు. అయినా అందరూ పాటించారు.

చివరి షాట్ అవుతుండగా వాన మొదలైంది. అరువు తెచ్చిన కెమెరా తడుస్తుందని రవి వాళ్ళు ముందే బయటికి పరుగెత్తారు. గదిలో నేనూ, అనిలూ. ఒక్క లాగుతో ఊడిపోయే ముడి వేయాలన్నది కూడా నా నియమమే. కానీ మధ్యాహ్నం షాట్‌లో అది ఊడిపోయిందని రవి కసిరితే, గట్టి ముడి వేశాను. నోటికి పట్టీ అంటించి ఉంది. "ఒక్క నిమిషం రా, బట్టలు తడుస్తయి" అని చెప్పి బయటికొచ్చాను. అనిల్ తల ఊపాడు. ఆ తల ఊపడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

అతని సొంత చొక్కా వరండాలో ఉంది. తీసి మడత పెడుతుంటే జేబులో బిళ్ళ తగిలింది. ఎలాగూ ఇప్పుడే విప్పి తీసుకొస్తాను కదా అని మేకుకు తగిలించాను. బోర్డు నిండింది. రవి దాన్ని చూసి, "అందరచ్చిన్రా? జల్ది ఎక్కున్రి" అని అరిచాడు. "ఆ" అన్నాను. ఆటోలో బట్టల సంచి సర్దుతూ అన్నాను. మరిచిపోయానా? నిజంగా మరిచిపోయానా? ఎన్నిసార్లు అడుక్కున్నా ఒకటే జవాబు. నిండిన బోర్డు కళ్ళబడగానే నా మనసు పని అయిపోయిందనుకుంది. నేను తగిలించిన అబద్ధాన్ని నేనే నమ్మాను. కొందరు బండ్ల మీద, కొందరం ఆటోలో బయలుదేరాం. అనిల్ రెండో దాంట్లో ఉన్నాడని ఎవరికి వారు అనుకున్నారు.

హోటల్లో చాయ్ తాగుతుంటే ఎవరో "అనిల్ ఏడి?" అన్నారు. గ్లాసు వదిలేసి లేచాను. బండి తీసుకుని అందరికంటే ముందు చేరింది నేనే. గది నిండా పొగ. కుర్చీలో తల వాల్చేసి ఉన్నాడు. పట్టీ పీకాను, తాళ్ళు కోశాను, వరండాలోకి ఈడ్చుకొచ్చాను. మిగతావాళ్ళు వచ్చేసరికి తాళ్ళు నా సంచిలో ఉన్నాయి. ఎందుకు దాచాను? ప్రాణం ఉందో లేదో తెలియని మనిషి పక్కన కూర్చుని, నా చేతులు ముందు నన్ను కాపాడుకున్నాయి.

"బిళ్ళ వెట్టినంక మళ్ల లోపటికి వోయినట్టున్నడు. ఫోన్ కోసమేమో" అన్నాను. డబ్బా బయట పెట్టలేదని మాత్రం ఏడుస్తూ ఒప్పుకున్నాను. చిన్న తప్పు ఒప్పుకుంటే పెద్దది దాగుతుందని ఆ పూటే తెలిసింది.

అనిల్ బతికాడు. ఆ సాయంత్రం మాత్రం అతనికి మసకైపోయింది. దవాఖానలో నా చెయ్యి పట్టుకుని అడిగాడు.

"నేను నిజంగ మళ్ల లోపటికి వోయిన్నా రా?"

"పోయినవ్ రా" అన్నాను.

వాళ్ళ నాన్న దానియేలును నేను కాక అని పిలుస్తాను. ఆయన బొగ్గుబాయిలో పనిచేస్తాడు. తను ఉద్యోగం నుంచి దిగిపోయి ఆ చోట్లో కొడుకును పెట్టాలన్నది ఆ ఇంటి ఆశ. ఈ సంగతి విన్నాక కాక ఒకటే మాట అన్నాడు. "బిళ్ళ వెట్టి మళ్ల దిగినోన్ని ఎవడు ఎతుకుతడు? గీనితోని పక్కోని పానం పోతది. గీన్ని నేను బాయిల వెట్టియ్య." కాలనీలో పిల్లలు "డబల్ మస్టర్ అచ్చిండ్రో" అని ఎగతాళి చేశారు, ఒకే షిఫ్టులో రెండుసార్లు హాజరు వేయించుకున్నాడన్నట్టు. అనిల్ మందమర్రిలో ఒక ఫోన్ల దుకాణంలో పనికి కుదిరాడు. తండ్రీకొడుకుల మధ్య మాటలు తగ్గిపోయాయి.

కాక ఈ ఏడు ఉద్యోగం నుంచి దిగిపోతున్నాడని విన్నాను. ఆయన మనసు మార్చుకోవాలంటే ఇప్పుడే, తర్వాత మారినా లాభం లేదు. 

మొన్న ఆదివారం వాళ్ళు చర్చి నుంచి వచ్చే వేళకు వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. కూర్చోమన్నా కూర్చోకుండా, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. కాక లేచి నా ఎదురుగా నిలబడ్డాడు.

"బిళ్ళ నువ్వు వెట్టినవా?"

"నేనే కాక."

ఆయన కొడుకు వైపు తిరిగాడు. తల దించుకుని లోపలికి పోయాడు. అనిల్ తన మణికట్టు రుద్దుకుంటున్నాడు.

"నాకు తాళ్ళు యాదికస్తుండె రా" అన్నాడు. "కల అనుకున్న."

నన్ను తిట్టలేదు. పొమ్మనీ అనలేదు. నేనే బయటికొచ్చాను. అక్కణ్ణుంచి నేరుగా పెద్దపల్లిలో ఉంటున్న రవి దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆ రోజు చాయ్ తాగిన మిగతావాళ్ళకూ ఒక్కొక్కరికి చెప్పాను. కాలనీ హోటల్ ముందు, ఎగతాళి చేసినవాళ్ళు వింటుండగా కూడా చెప్పాను. కాక ఏం నిర్ణయిస్తాడో నాకు తెలియదు. అనిల్ మళ్ళీ ఫోన్ చేయలేదు. చేస్తే భయపడతాను, ఇంకా భయపడతాను. కానీ ఎత్తుతాను.