చేపకు తల్లి పోసిన మిరుగం

జనగామలో మా అబ్బాయి ఇంటి హాలంతా ఈ నాలుగు రోజులుగా ఒకటే వాసన. అక్వేరియం నీళ్లలో దొడ్డుప్పు కరిగేటప్పుడు వచ్చే వాసన. నాచు, తడి ఇసుక, కొంచెం నీసు కలిసినది. ఉప్పుకు వాసన ఉండదని మా కోడలు అంటుంది. ఆమె సైన్సు టీచరు కాబట్టి నేను వాదించను. మనవరాలు మేఘన పెంచుకునే బంగారు చేపకు ఒంటి మీద రవ్వగింజలంత తెల్లమచ్చలు వచ్చాయి. చేపల దుకాణం అతను చెప్పినట్టే ఆ తొమ్మిదేళ్ల పిల్ల దాన్ని వేరే తొట్టిలోకి మార్చి, నీళ్లు కాస్త వెచ్చబరిచి, ఉప్పు వేసి, నీలిరంగు మందు చుక్కలు చుక్కలుగా పోస్తున్నది. నేను పక్కన కుర్చీలో కూర్చుని, చేపల వైద్యంలో నన్ను మించినవాడు పాత వరంగల్ జిల్లా మొత్తంలో లేడనీ, తన వయసులో ఉన్నప్పుడే చచ్చిన చేపను బతికించాననీ చెప్పాను. చచ్చిందనడం కొంచెం ఎక్కువ. చావబోయింది. బతికించింది కూడా నేను కాదు.

మరిపెడ దగ్గర మా ఊళ్లో మృగశిర కార్తెను మిరుగం అనేవాళ్లం. రోళ్లు పగిలే ఎండలు సడలి, సాయంత్రం పూట మబ్బు పట్టి, మొదటి చినుకులకు ఎర్రమట్టి వాసన ఇంట్లోకి వచ్చి కూర్చునే రోజులు అవి. అప్పటికి తాటిముంజలు ముదిరిపోయేవి, చెట్టుమీద మిగిలిన మామిడికాయలకు పురుగు తగిలేది, మేం చిర్రగోనె ఆట మానేసి చెలకల్లో పట్టుగుడ్డలాంటి ఎర్రటి ఆరుద్ర పురుగుల్ని ఏరుకొచ్చి అగ్గిపెట్టెల్లో దాచుకునేవాళ్లం. మిరుగం రోజు ప్రతి ఇంట్లో చేపల పులుసు ఉండి తీరాలి. తినని వాళ్లు ఇంగువ కలిపిన బెల్లమైనా మింగాలి. లేకపోతే వానాకాలమంతా ఒంట్లో జబ్బు దిగుతుందని మా అవ్వ, అంటే మేం బాపు అని పిలిచే నాన్నకు అమ్మ, ఖాయంగా చెప్పేది. ఆ రోజున ఊరంతా ఎగబడితే చేపలు దొరకవు కాబట్టి బాపు నాలుగు రోజుల ముందే చెరువు మీద కొర్రమట్టలు, అవే కొరమీనులు, తెచ్చి, పెరట్లో పశువులు నీళ్లు తాగే రాతి గోలెంలో వదిలేవాడు. కొర్రమట్ట మొండి ప్రాణం. నీళ్లు మారుస్తుంటే వారం రోజులైనా ఉంటుంది.

ఆ ఏడు ఐదు చేపలు తెచ్చాడు. అందులో ఒకటి మూరెడు ఉండేది. సరే, జానెడు. గోలెం అడుగున కదలకుండా పడుకుని, వచ్చేపోయే వాళ్లందరినీ కళ్లతోనే లెక్కగట్టేది కాబట్టి దానికి ఊరి కరణంలా పట్వారి అని పేరు పెట్టాను. నేను పేరు పెట్టి పిలిస్తే పైకి వచ్చేదని యాభై ఏళ్లుగా కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుంటున్నాను. ఆ జాతి చేపలు గాలి పీల్చుకోవడానికి వాటంతట అవే పైకి వస్తాయని నాకు పెళ్లయ్యాక తెలిసింది. కానీ ఆ నాలుగు రోజులూ అది నాకోసమే వచ్చింది. వానపాములు తెచ్చి వేస్తే నా వేలి దగ్గరికి వచ్చి తీసుకునేది. మూడో రోజు పొద్దున అమ్మ గోలెం దగ్గర నిలబడి, ఏది తలకాయకు, ఏది ముక్కలకు అని చూసుకున్నది.

ఊళ్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే, అదే తల్లి పోసిందని మేమనేది, ఆ ఇంట్లో తాలింపు వేయరు, నీసు వండరు, పొయ్యి మీద నూనె చిటపటమనకూడదు. అంతకు ముందు ఏడు నాకే పోసినప్పుడు పదకొండు రోజులు ఇల్లంతా పెరుగన్నం తిన్నది. అది గుర్తొచ్చింది. అవ్వ తమలపాకులకు రాసుకునే సున్నపు డబ్బాలో వేలు ముంచి, పట్వారిని తడి గోనెపట్టా మీద పట్టుకుని, ఒళ్లంతా చుక్కలు పెట్టి మళ్లీ గోలెంలో వేశాను. ఆ తరువాత నేనే పరుగెత్తి అవ్వను పిలుచుకొచ్చాను.

అవ్వ వంగి చాలాసేపు చూసింది. చేపను చూసింది, నన్ను చూసింది. "తల్లి పోసినట్టే ఉన్నది" అన్నది.

బాపు పొలం నుంచి వచ్చి సంగతి విని నెత్తి పట్టుకున్నాడు. "చాపకు తల్లి పోసుడేందే అవ్వా? నా జిందగీల ఇనలె."

"నీకు పోసినప్పుడు నువ్వు గూడ చాపోలెనే కొట్టుకున్నవు. జర ఊకో."

"ఊరంత పులుసు తింటాంటె మనం సల్లబువ్వ తినాల్నా?"

"తిను. కడుపుల సల్లగుంటది."

నేను గెలిచాననుకున్నాను. మధ్యాహ్నానికి పట్వారి ఒక పక్కకు ఒరిగింది. సున్నం పడ్డచోటల్లా పొర లేచి, కింద ఎర్రగా కమిలింది. పైకి వచ్చి నోరు తెరుస్తున్నది కానీ సగంలోనే మునిగిపోతున్నది. వానపాము వేస్తే చూడలేదు.

అవ్వ దాన్ని వెడల్పాటి మట్టికుండలోకి మార్చి, బావినీళ్లు పోసి, దొడ్డుప్పు పిడికెడు వేసి, చిటికెడు పసుపు కలిపి, పైన తడి గోనె కప్పి నీడన పెట్టింది. పూటపూటకూ నీళ్లు మార్చింది. మిరుగం రోజున వీధి వీధంతా చింతపులుసు, మెంతులు, కాగిన నూనె వాసన కొడుతుంటే, మా ఇంట్లో అందరం నోరు మూసుకుని పెరుగన్నం తిన్నాం. బాపు చేయి కడుక్కునేటప్పుడు కుండ వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. అవ్వ మాత్రం ముక్కాలిపీట వేసుకుని కుండ పక్కనే కూర్చుని ఉంది. నేను తట్టుకోలేక ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చాను.

"అవ్వా, తల్లి పొయ్యలె. నేనే సున్నం పెట్టిన."

"ఎర్కే బిడ్డా. డబ్బల నీ ఏలు దిగిన గుర్తున్నది."

"మరి బాపుకు ఎందుకు చెప్పలె?"

"చెప్తే నిన్ను కొడుతడు, దాన్ని కోస్తడు. రెండు పానాలు ఆగమైతయి." నీళ్లలో వేలు పెట్టి చూసి, "ఇగ బతికితదో లేదో గది కూడ నువ్వే చూడు, ఈన్నే కూసో" అన్నది. తిట్టలేదు. అంతకన్నా తిట్టు ఉంటుందా.

కూర్చున్నాను. రెండు రోజులు. మూడో నాడు పొద్దున పట్వారి నిటారుగా పైకి వచ్చి, గాలి మింగి, టప్పున తోకకొట్టి నా మొహం తడిపింది. అవ్వే నాతో మోటబావి దాకా వచ్చి దాన్ని నీళ్లలో వదిలించింది.

ఈ కథను మిగతా వాళ్లకు చెప్పేటప్పుడు నేను ఇక్కడితో ఆపుతాను. నిన్న మేఘన మిగిలిన నాలుగు చేపలు ఏమయ్యాయని అడిగింది. తరువాతి వారం పులుసు పెట్టారు. నేను తిన్నాను. రెండోసారి అడిగి పెట్టించుకున్నాను కూడా. ఆ మాట వినగానే ఆ పిల్ల నావైపు చూడడం మానేసింది.

ఇప్పుడు ఆ బావి పూడిపోయింది, గోలెం ఎవరింటి పునాదిలోకి పోయిందో తెలియదు. మిరుగం వస్తే చేపలు ఐస్ పెట్టెల్లో ఆటోల మీద ఆ పొద్దునే దిగుతాయి, మధ్యాహ్నానికి కడుపులో ఉంటాయి. చేపకూ పిల్లవాడికీ మధ్య ఉండే ఆ నాలుగు రోజులు ఏ ఇంట్లోనూ లేవు. పీట వేసుకుని చేప దగ్గర కూర్చునే ముసలమ్మలూ లేరు.

ఇవాళ పొద్దున బంగారు చేప మచ్చలు కొన్ని రాలాయి. కానీ ఇంకా మూల దాక్కుంటున్నది, మేత ముట్టలేదు. మేఘన నిన్నటి కోపం దిగమింగి అడిగింది.

"తాతా, మీ అవ్వకు అది బతుకుతదని ఎట్ల తెలుసు?"

ఏదో ఒకటి కల్పిద్దామని నోరు తెరిచాను. మూలికలు, మంత్రాలు, కొత్తగూడ అడవి నుంచి వచ్చిన వైద్యుడు, అన్నీ నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి.

"తెల్వది బిడ్డా" అన్నాను. "తెల్వకనే కూసున్నది."

మేఘన తొట్టి ముందు తన కుర్చీని కొంచెం పక్కకు జరిపి, నాకు చోటిచ్చింది.