ఆముదం పోసిన సిలిండర్

సముద్రం పక్కనే ఉంటూ దాని లోపల ఏముందో ఎరగని రోజులవి. డిగ్రీ అయ్యాక, ఒడ్డున బావ నడిపే చిన్న డైవింగ్ షాపులో కుదిరాను. (ఆయన నాకు ఏ వరసా కాదు. బోట్లవాళ్లందరికీ బావే.) వచ్చినవాళ్ల వీపుకి గాలి సిలిండర్లు కట్టడం, వాళ్లు మునిగాక పడవలో వాళ్ల చెప్పులకూ ఫోన్లకూ కాపలా కాయడం నా ఉద్యోగం. సిలిండర్లు తక్కువ, జనం ఎక్కువ. నా వంతు వచ్చేదే కాదు. చెప్పుల మధ్య కూర్చుని, నీళ్లకేసి చూస్తూ, మెలకువలోనే కలలు కనేవాణ్ణి.

ఒకరోజు బావ మల్కాపురంలో పాత సామాన్ల కొట్టు నుంచి ఒక స్టీలు సిలిండర్ తెచ్చాడు. మెడ మీద కొట్టిన సంవత్సరం చూస్తే అది నాకన్నా పెద్దది. వాల్వు విప్పి, లోపలికి చిన్న బల్బు దించి, ఒంటికంటితో చాలాసేపు చూశాడు.

"పైపై తుప్పేరా. గుంటల్లేవు. టెస్టింగులో పాసయితే తొలిగాలి నీదే," అన్నాడు.

ఆ సంబరంలో నాకు ఆ పూట అన్నం సహించలేదు. లోపల గులకరాళ్లు పోసి ఇసుకలో దొర్లించాం, తుప్పు వదిలాక కడిగి ఆరబెట్టాం. టెస్టింగుకి ఇచ్చేదాకా ఉప్పుగాలి తగలకూడదని, మూతికి గుడ్డ కట్టి, స్కూటర్ మీద ఉక్కునగరంలో మా క్వార్టర్‌కి తెచ్చుకున్నాను. (కొత్త గ్యాసా అని పక్కింటావిడ అడిగింది.)

మా అమ్మ పుట్టిల్లు పద్మనాభం వైపు. కోతలయ్యాక కొడవళ్లకు ఆముదం పట్టించి అటకెక్కించే ఇల్లు. నేను బజారుకెళ్లి వచ్చేలోగా గుడ్డ విప్పి, గ్లాసుడు ఆముదం పోసి, అటూ ఇటూ తిప్పి మళ్లీ కట్టేసింది. మర్నాడు బావ మూతి దగ్గర ముక్కు పెట్టాడు.

"ఇదేటిరా, సిలిండరా, సంటిపిల్ల మాడా?"

ఫోన్ చేస్తే అమ్మ గర్వంగా చెప్పింది. "తుప్పట్టకుండా నానే పోసినాను. ఏటి, సాల్లేదా?"

బావ తల పట్టుకున్నాడు. "నూనె ఉన్నకాడ అంత ప్రెషర్లో గాలెక్కిత్తే అంటుకుంటాదిరా. తూకానికేసెయ్ దీన్ని."

నాకు ఏడుపొచ్చింది. సంగతి తెలిసి అమ్మ బస్సెక్కి వచ్చేసింది, సంచినిండా కుంకుడుకాయలతో. "నూనొదిలించడం నాకొగ్గీ బాబూ," అంది. బావ కుంకుడుకాయల్ని పక్కన పెట్టించి, వేడినీళ్లూ అంట్ల సబ్బూ తెప్పించాడు. కర్రకి తెల్లగుడ్డ చుట్టి లోపల తిప్పడం, మరక వస్తే ముగ్గురం మళ్లీ కడగడం. గుడ్డ తెల్లగా తిరిగొచ్చాక వేడిగాలి పట్టి ఆరబెట్టాం. టెస్టింగువాళ్లకి ఆముదం సంగతి దాచకుండా చెప్పాం. వాళ్లు నవ్వి, తామూ లోపల చూసి, నీళ్లతో ఒత్తిడి పెట్టి పరీక్షించి, మెడ మీద పాత ముద్ర పక్కన కొత్త ముద్ర కొట్టారు.

తొలిగాలి నాదే అయింది. బావ నా చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దించాడు. కెరటాల హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. ఎండ పచ్చగా, మెత్తగా కిందికి దిగుతోంది. నాకన్నా పెద్దదైన ఆ ఉక్కులోంచి గాలి చల్లగా నా ఛాతీలోకి వచ్చి, బుడగలై, ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకి పోతోంది. నా ఊపిరిని నేను చూడటం అదే మొదలు.

పైకొచ్చాక బావ అడిగాడు. "తాబేలుని సూసినావా? నీ కాళ్లకాడే తిరిగింది."

ఏ తాబేలు? నేను బుడగలు తప్ప ఏమీ చూడలేదు.

ఆ తర్వాత చాలా తాబేళ్లను చూశాను. ఇప్పుడు కొత్తవాళ్లను దించేదీ, వేలితో చూపించేదీ నేనే. ఎప్పుడైనా ఒకరు నా వేలిని పట్టించుకోకుండా, మెడ పైకెత్తి సొంత బుడగల్నే చూస్తూ ఉండిపోతారు. అప్పుడు ఆ పాత కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. (నీళ్లలో నవ్వితే నోట్లోకి ఉప్పునీళ్లొస్తాయి, అయినా ఆగదు.) వాళ్లని కదపను. తాబేలుదేముంది, మళ్లీ వస్తుంది.