నీళ్లాయనను నవ్వులపాలు చేసిండ్రు

సినిమా రెండో భాగానికి నిజామాబాద్‌ల మార్నింగ్ షోకి ఒక్కన్నే పోయిన. మొదటి భాగానికి నలుగురం దోస్తులం ఒకే వరుసల కూసున్నం. ఈసారి ఇద్దరికి డ్యూటీ ఉన్నది. మూడోవాడు ఫోన్ ఎత్తలే. నా పక్కన ఒక పెద్దాయన సినిమా మొదలుగాకముందే నిద్రపోయిండు. సినిమా చూసినంక ఆయనే తెలివైనోడని అర్థమైంది.

అది ఏడుగురు వీరులు కలిసి లోకాన్ని కాపాడే కథ. మొదటి భాగంల మాకందరికి ఎగిరేటోడు, నిప్పులు కక్కే పోరి నచ్చిండ్రు. ఫోన్ ఎత్తని మా దోస్తుకు మాత్రం వెనక నిలబడే ఒక మనిషి నచ్చిండు. ఆయన చేసేది ఒక్కటే, నీళ్లను ఆపుడు. పేరు మాకు నోరు తిరగక నీళ్లాయన అని పెట్టుకున్నం. చివర్ల డ్యాం తెగితే రెండు చేతులు చాపి వరదను ఆపిండు. ఊరంత బయటపడ్డది గని ఆయన తమ్ముడు కొట్టుకపోయిండు. అది చూసుకుంట కూడా ఆయన చేతులు దించలే.

మా దోస్తుది రుద్రూర్ దగ్గర పల్లె. చెరుకు మానుకొని వరి పెట్టుకున్న ఇల్లు. టాకీసు బయట చాయ్ తాగుకుంట అన్నడు: "ఎగురుడు ఎవడైనా ఎగురుతడురా. గట్ల నిలబడుడే కష్టం."

"మీ పొలానికి కాలువ నీళ్లు వస్తలేవు గదా, గాయనే ఆపిండేమో అడుగు" అన్న నేను.

వాడు చాయ్ మీద పోసుకునేంత నవ్విండు. నా మాటలకు అందరికంటె ముందు నవ్వేది వాడే. అందుకే నాకు వాడంటే ఇష్టమేమో. జోకులు వేసేటోనికి ప్రేమకంటె ముందు గిరాకి కావాలె.

పోయిన ఏడు వాళ్ల బాపు పోయిండు. పొద్దుగాల పొలానికి పోయి గట్టు మీద కూసున్నడు, మళ్ల లేవలే. మా దిక్కు మూడో దినం పిట్టకు పెడతరు. పోయినాయనకు ఇష్టమైనవన్ని విస్తరిల పెట్టి, అందరం దూరం జరిగి కాకి కోసం చూస్తం. ముట్టిందంటే ఆయనకు తృప్తి అయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని లెక్క.

ఆనాడు కాకి రాలే. కోడికూర, గుడాలు, సీసాల కల్లు అన్ని ఎండకు వేడెక్కుతున్నయి. పెద్దమనుషులు ఏం కోరిక మిగిలిందో యాది చేసుకోమన్నరు. మా దోస్తు రెండు చేతులు జోడించిండు.

"బాపూ, చెల్లె పెండ్లి నేను చేస్తనే. బోరు గూడ ఏయిస్త. నువ్వు రా బాపూ."

కాకి రాలే. ఆ నిశ్శబ్దం నాతోని కాలే. వెనకనుంచి అన్న: "ఇంటర్వెల్ పడ్డట్టున్నది తియ్. సమోస తిని వస్తడు."

ముందుగాల వాని చిన్నబాపు ఫక్కున నవ్విండు. తర్వాత అందరు. మూడు దినాలు ఏడ్చినోళ్లు, వాళ్లకు గూడ ఏదో ఒకటి కావాలె. గప్పుడే తుమ్మ మీదికెల్లి ఒక కాకి దిగి కోడికూర ముట్టింది. "వీడు నవ్విస్తెనే వచ్చింది సూడు" అని ఒకాయన నా వీపు తట్టిండు. నాకు గర్వం గూడ అయింది. మా దోస్తు ఇంకా చేతులు జోడించుకునే ఉన్నడు.

ఆ తర్వాత మా నలుగురి వాట్సాప్ గ్రూపుల వాని పేరే ఇంటర్వెల్ అయింది. "ఇంటర్వెల్ వచ్చిండా?" "ఇంటర్వెల్‌కు ఫోన్ చెయ్." పెట్టింది నేనే. వాడు మొదట్ల నవ్వే బొమ్మ పంపెటోడు. తర్వాత బొటనవేలు. తర్వాత అది గూడ లేదు. పొలం పని ఎక్కువుందేమో అనుకున్న. అనుకునుడు సులువు.

రెండో భాగంల ఏం చేసిండ్రంటే, నీళ్లాయనను స్నానానికి భయపడేటోన్ని చేసిండ్రు. వరదను ఆపిన మనిషి బకెట్ చూసి ఉరుకుతడు. తమ్ముని సమాధి కాడ మాట్లాడబోతె ఎగిరేటోడు తుమ్ముతడు. టాకీసు పగిలిపోయేటట్టు నవ్విండ్రు. నేను నవ్వలే. నాకే వింతనిపించింది.

ఫోన్ల చూస్తే అభిమానులు అప్పటికే అగ్గి మీద ఉన్నరు. నిప్పులు కక్కేదానికి పెండ్లి తప్ప పని లేదని కొందరు, ఎగిరేటోనికే సినిమా రాసిచ్చిండ్రని కొందరు. నేను గూడ మా గ్రూపుల పొడుగ్గా రాసిన: "ఒక మనిషి ఏడ్వబోతుంటె పక్కనోనితోని జోకు వేయిస్తె, అది కామెడీ గాదు. ఆ ఏడుపు పక్కన నిలబడే ధైర్యం రాసినోనికి లేదు. నీళ్లాయనకు జరిగింది అన్యాయం."

మస్తు రాసినవని మిగిలిన ఇద్దరు మెచ్చుకున్నరు. ఎన్నో నెలలకు మా దోస్తు రాసిండు: "గిది నువ్వే రాసినవా?"

"నేనే రా! ఎట్లుంది?" అన్న, పొంగిపోయి.

"మంచిగుంది. మా బాపు మూడో దినం నువ్వేమన్నవో గది గూడ రాయి."

తర్వాత గ్రూపులకెల్లి పోయిండు.

నేను రాసింది మళ్ల చదువుకున్న. సినిమా పేరు తీసేస్తె మొత్తం నా గురించే ఉన్నది.

తెల్లారి బోధన్ బస్సెక్కి, ఆడికెల్లి రుద్రూర్ దిక్కు ఆటోల పోయిన. వాడు ఊరి బయట రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అడుగువి గూడ ఎండేటట్టు ఉత్త కాళ్లతోని చాళ్లు తిప్పుకుంట నడుస్తున్నడు. నన్ను చూసి ఆగిండు.

"ఆ దినం నేనన్నది తప్పురా" అన్న. "ఆ పేరు పెట్టుడు గూడ తప్పే. మాఫ్ చెయ్."

వాడు నా మొఖం దిక్కు చూసుకుంట నిలబడ్డడు. కోపంతోని గాదు. ఎదురుచూస్తున్నడు.

"ఇంక?" అన్నడు.

"ఇంకేం లేదు."

"జోకు యాడున్నది? చెప్పు, నవ్వుత."

"ఒట్టు, జోకేం లేదు."

వాడు నా వెనక చూసిండు, ఎవరన్న వీడియో తీస్తున్నరేమోనని. ఎవరు లేరు. తల ఊపిండు గని నమ్మలే. ఇన్నేండ్లు నేను చెప్పిన ప్రతి మాటకు చివర్ల ఒక మెలిక ఉండె. ఇయ్యాల లేదంటె వాడెట్ల నమ్మాలె?

చెప్పులు విడిచి నేను గూడ వడ్లలకు దిగబోయిన.

"వద్దు వద్దు, కాళ్లు కాల్తయి" అన్నడు వాడు, ఇంటికొచ్చిన చుట్టంతోని మాట్లాడినట్టు. "నీడకు కూసో. చాయ్ తాగి పో."

నీడకు కూసున్న. వాళ్ల చెల్లె చాయ్ తెచ్చిచ్చింది. వాడు అటు మొదలుకు పోయి, మళ్ల ఇటు తిరిగి, నా దిక్కు చూడకుండ ఒక్కొక్క చాలు తిప్పుకుంట పోతనే ఉన్నడు.